మౌలిక పరిశోధన మనకెందుకు అని అడిగేవారికి

దళిత కుటుంబం నుంచి వచ్చిన అమ్మాయి మౌలిక విజ్ఞానంలో పీహెచ్‌డీ చేస్తోందంటే రెండు వైపుల నుంచి ప్రశ్నలు వస్తాయి. ఇంటివైపు నుంచి వచ్చేది, "ఇది చదివితే ఉద్యోగం వస్తుందా?" అని. ల్యాబ్ వైపు నుంచి వచ్చేది, "మీ సమాజానికి పనికొచ్చేది ఏదైనా చేయొచ్చు కదా?" అని. మొదటి ప్రశ్నలో భయం ఉంది. అది న్యాయమైన భయం. రెండోది సానుభూతిలా వినిపిస్తుంది గానీ దాని లోపల ఒక పంపకం దాగి ఉంది. పేదరికం గురించి, మురుగు గురించి, కులం గురించి మనం పరిశోధన చేయాలట. కణం గురించి, నక్షత్రం గురించి, సంఖ్యల గురించి వాళ్లు చేస్తారట. మనుషులందరికీ చెందిన ప్రశ్నలు వాళ్లవి, మన బాధలు మాత్రమే మనవి. పనిచేసే మనుషులనే అంతస్తులుగా పేర్చే పద్ధతిని బాబాసాహెబ్ 1936లో 'కుల నిర్మూలన'లో ఎండగట్టారు. ఆ పద్ధతి ఇవాళ పరిశోధనాంశాల జాబితాలోకి కూడా వచ్చి కూర్చుంది.

నాది పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్. రైల్వే కాలనీల ఊరు. మా బస్తీ పేరు ట్రాఫిక్. పేరులోనే రైల్వే ఉంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు కుటుంబాలు ఖలాసీలుగా, గ్యాంగ్‌మన్‌లుగా, సఫాయి పనివాళ్లుగా ఈ ఊరికి వస్తూ వచ్చాయి. మా తాత కూడా అలా వచ్చినవాడే. ఆయన మనవరాలిగా నేను ఇప్పుడు బయోఫిజిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. కణాలు మెంబ్రేన్ ప్రొటీన్లను ఎలా తయారు చేసుకుంటాయి అన్నది నా అంశం. ఇది మన సమాజానికి పనికొస్తుందా లేదా అనే వాదనకు ముందు, అసలు ఇదేమిటో చెప్పాలి. మన పిల్లలకు అర్థమయ్యే మాటల్లో చెప్పాలి.

కణం గోడలో తలుపులు

మన ఒంట్లో ప్రతి కణం చుట్టూ పలుచని పొర ఒకటి ఉంటుంది. బడి పుస్తకాల్లో దాన్ని కణత్వచం అంటారు. అది ప్రధానంగా కొవ్వుతో కట్టిన పొర. నీళ్లలో కరిగిన ఉప్పు, చక్కెర దాన్ని తమంతట తాము దాటలేవు. కణం బతకాలంటే మాత్రం అవి లోపలికి రావాలి, అక్కర్లేనివి బయటికి పోవాలి, బయటి కబురు లోపలికి అందాలి. ఈ పనులన్నీ చేసేవి ఆ పొరలో దిగబడి ఉండే ప్రొటీన్లు. వాటినే మెంబ్రేన్ ప్రొటీన్లు అంటారు. కంట్లో వెలుగును పట్టుకునే రొడాప్సిన్, నరాల్లో విద్యుత్తును నడిపించే చానెళ్లు, కిడ్నీలో నీటిని వెనక్కి తీసుకునే ఆక్వాపోరిన్, అన్నీ ఈ కోవలోవే. మన జన్యువులు తయారు చేసే ప్రొటీన్లలో సుమారు పావు వంతు ఇవి. మందుల దుకాణంలో దొరికే మాత్రల్లో చాలావాటి పని కూడా వీటిమీదే.

చిక్కంతా వీటి తయారీలో ఉంది. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాలనే పూసలతో గుచ్చిన పొడవాటి దండ. రైబోజోమ్ ఆ పూసలను ఒక్కొక్కటిగా గుచ్చుకుంటూ పోతుంది. మామూలు ప్రొటీన్ అయితే కణంలోని నీళ్లలోనే మడతపడి పనిలోకి దిగుతుంది. మెంబ్రేన్ ప్రొటీన్‌కు ఆ వీలు లేదు. పొరలో కూర్చోవాల్సిన దాని ముక్కలు నూనె గుణం గలవి. నీళ్లలో వదిలేస్తే ఒకదానికొకటి అంటుకుని ముద్దకడతాయి. ఆ ముద్ద ఎందుకూ పనికిరాదు, పైగా కణానికి హాని చేస్తుంది. అందుకే చాలా మెంబ్రేన్ ప్రొటీన్ల విషయంలో దండ గుచ్చుతుండగానే దాన్ని పొర దగ్గరికి చేర్చి, సరైన ముక్కను సరైన దిశలో లోపలికి దించాలి.

ప్రొటీన్ తన చిరునామాను తనలోనే మోసుకెళ్తుందని గుంటర్ బ్లోబెల్ 1971లో డేవిడ్ సబాటినితో కలిసి ఊహించాడు. 1975లో బెర్న్‌హార్డ్ డాబర్‌స్టైన్‌తో కలిసి ప్రయోగాలతో ఆ ఊహకు బలం తెచ్చాడు. 1999లో ఆ పనికే నోబెల్ వచ్చింది. దండలో నూనె గుణం గల ముక్క బయటికి రాగానే ఎస్ఆర్‌పీ అనే కణిక దాన్ని పట్టుకుంటుంది. రైబోజోమ్‌తో సహా ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్ అనే కణం లోపలి పొర దగ్గరికి తీసుకుపోతుంది. అక్కడ సెక్61 అనే తలుపుకు అప్పజెబుతుంది. చాలా ఏళ్లపాటు ముఖ్యమైన తలుపు ఇదేననుకున్నారు. 2009లో ఈస్ట్ కణాల్లో ఈఎంసీ అనే మరో యంత్రం బయటపడింది. అది కూడా ప్రొటీన్లను పొరలోకి దించగలదని 2018లో తేలింది. పొరను అనేకసార్లు దాటాల్సిన ప్రొటీన్ల కోసం సెక్61 పక్కన మరికొన్ని సహాయక యంత్రాలు చేరి పనిచేస్తాయని కేంబ్రిడ్జ్, షికాగో బృందాలు 2022లో వివరంగా చూపించాయి.

అంటే ఈ రంగంలో పెద్ద ప్రశ్నలు ఇంకా మిగిలే ఉన్నాయి. ఏ ప్రొటీన్ ఏ తలుపుకు పోవాలో కణం ఎలా తేల్చుకుంటుంది? తప్పు దిశలో దిగినదాన్ని ఎవరు గుర్తుపడతారు? దాన్ని సరిచేయాలా, నాశనం చేయాలా అన్నది ఎలా నిర్ణయమవుతుంది? ఇప్పుడే అడుగుపెట్టిన పరిశోధకులు కూడా సొంత ప్రశ్న వేసుకోగలిగే చోటు ఇది. ఆ చోటు ఎవరికి దొరుకుతోంది అన్నదే ఇక్కడ నా వాదన.

పనికొచ్చేది అంటే ఏది

బెంగాల్‌కు కలరా పాత శత్రువు. కలరా క్రిమి వదిలే విషమే రోగానికి కారణమని శంభునాథ్ డే 1959లో కలకత్తాలో రుజువు చేశారు. ఆ విషం వల్ల పేగు కణాల్లోని సీఎఫ్‌టీఆర్ అనే మెంబ్రేన్ ప్రొటీన్ తెరుచుకునే ఉండిపోతుంది. ఉప్పు బయటికి పోతుంది, దాని వెనకే నీళ్లు పోతాయి. మనిషి గంటల్లో ఎండిపోతాడు. అయితే అదే పేగులో ఎస్‌జీఎల్‌టీ1 అనే ఇంకో తలుపు చెడకుండా పనిచేస్తూనే ఉంటుంది. అది చక్కెరనూ సోడియంనూ జతగా లోపలికి లాగుతుంది. నీళ్లు వాటి వెంట వస్తాయి. ఈ జత ప్రయాణాన్ని 1960లో రాబర్ట్ క్రేన్ ప్రతిపాదించాడు. పేగు చక్కెరను ఎలా పీల్చుకుంటుంది అన్నది ఆయన ప్రశ్న. కలరాకు మందు వెతకడం కాదు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన జనంతో బనగావ్ శిబిరం కిక్కిరిసింది. కలరా వ్యాపించింది. సెలైన్ సీసాలు చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజ్ కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో నింపి రోగులకు తాగించారు. మరణాలు దాదాపు 30 శాతం నుంచి 4 శాతం లోపుకు తగ్గాయి. ఇవాళ ఆశా కార్యకర్త మన చేతిలో పెట్టే ఓఆర్‌ఎస్ పొట్లం వెనక ఉన్నది ఆ తలుపే.

ఎస్‌జీఎల్‌టీ1కు చెల్లెలి వరసైన ఎస్‌జీఎల్‌టీ2 కిడ్నీలో ఉంటుంది. ఆపిల్ చెట్టు బెరడు నుంచి 1835లో తీసిన ఫ్లోరిజిన్ అనే పదార్థం ఈ తలుపులను మూసేస్తుంది. అది తెలియడానికి చాలా దశాబ్దాలు పట్టింది. ఆ దారిలోనే గ్లిఫ్లోజిన్ మందులు వచ్చాయి. షుగరుకు మొదలైన ఈ మందులను ఇప్పుడు కిడ్నీ జబ్బుకూ గుండె బలహీనతకూ కూడా వాడుతున్నారు. 2025 మార్చిలో ఎంపాగ్లిఫ్లోజిన్ పేటెంటు గడువు ముగిశాక మన దేశపు కంపెనీలు చవకగా అమ్మడం మొదలుపెట్టాయి. శ్రీకాకుళం మూలాలున్న మా బస్తీ ఇళ్లలో కిడ్నీ జబ్బు అనగానే ఉద్దానం గుర్తొస్తుంది. ఉద్దానం జబ్బుకు అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. తేల్చే పనిలో నీళ్లు, మట్టి, కూలి పరిస్థితులు చదివినవాళ్లు ఎంత అవసరమో, కిడ్నీ కణాన్ని చదివినవాళ్లూ అంతే అవసరం.

ఇక మూడో కథ. కలరాలో తెరుచుకుని ఉండిపోయే అదే సీఎఫ్‌టీఆర్‌లో 508వ పూస ఒక్కటి లోపిస్తే ప్రొటీన్ సరిగా మడతపడదు. కణం దాన్ని పైపొరకు చేరనీయకుండానే నాశనం చేస్తుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య జబ్బుకు ఇది ముఖ్య కారణం. ఈ లోపాన్ని చాలావరకు సరిదిద్దే ట్రైకాఫ్టా మందు 2019లో అమెరికాలో మార్కెట్‌లోకి వచ్చింది. ధర ఏడాదికి మూడు లక్షల డాలర్లకు పైగా పెట్టారు. మన లెక్కలో కోట్లు.

ఒకే పేగు, పక్కపక్కనే ఉన్న ప్రొటీన్లు. ఒక కథ చివర కొన్ని రూపాయల పొట్లం ఉంది. మరో కథ చివర కోట్ల మందు ఉంది. కణం లోపలి నియమాలకు కులం లేదు, వర్గం లేదు. ఆ నియమాలను ఏ ప్రశ్న కోసం వాడాలి, వచ్చిన జవాబును ఎవరి అందుబాటులో పెట్టాలి అన్నవి మాత్రం మనుషులు తీసుకునే నిర్ణయాలు. ఆ నిర్ణయాలు జరిగే గదిలో మనం లేకపోతే, మందు మన వీధికి చేరినప్పుడు రోగులుగా మాత్రమే ఉంటాం. లేదంటే మందు ప్రయోగాలకు ఒళ్లు అప్పగించేవాళ్లుగా ఉంటాం.

ఇంకో మాట. పనికొస్తుంది కాబట్టే మనకు హక్కు ఉందని నేను అనడం లేదు. క్రేన్‌ను ఎవరూ నీ సమాజానికి ఇది పనికొస్తుందా అని నిలదీయలేదు. ఊరికే తెలుసుకోవాలనిపించడం కూడా ఒక హక్కే. రోహిత్ వేముల హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చదివింది లైఫ్ సైన్సెస్. సీఎస్‌ఐఆర్ జేఆర్‌ఎఫ్ తెచ్చుకున్న విద్యార్థి. తర్వాత సామాజిక శాస్త్రాల వైపు మారాడు. కార్ల్ సేగన్‌లా సైన్స్ రచయిత కావాలన్నది అతని కోరిక. ఫెలోషిప్ నెలల తరబడి ఆగింది, సస్పెన్షన్ పడింది. 2016 జనవరి 17 తర్వాత మనం అతన్ని పోరాటానికి గుర్తుగా తలుచుకుంటున్నాం. అది సరైనదే. దానితోపాటు, సైన్స్ మనకు ఒక సైన్స్ రచయితను బాకీ పడిందని కూడా గుర్తుంచుకోవాలి.

ట్రాఫిక్ నుంచి ల్యాబ్ దాకా

ట్రాఫిక్ నుంచి ఐఐటీ గేటు కొన్ని కిలోమీటర్లే. 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో దేశపు తొలి ఐఐటీ మొదలైంది. మా బస్తీల నుంచి ఆ క్యాంపస్‌లోకి వంటపనికి, తోటపనికి, శుభ్రం చేసే పనికి వెళ్లేవాళ్లు ఎప్పటినుంచో ఉన్నారు. క్లాసుకు వెళ్లినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. దీనికి కారణం తెలివి కాదని ఈ పోర్టల్ పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. అయితే వలస దళితుల విషయంలో ఒక ప్రత్యేకమైన అడ్డంకి ఉంది. దాని గురించి తెలుగు నేలమీద ఉన్నవారికి పెద్దగా తెలియదు.

రాజ్యాంగం 341వ అధికరణ ప్రకారం షెడ్యూల్డ్ కులాల జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది. ఆంధ్రాలో ఎస్సీ అయినవాడు బెంగాల్‌కు వలస వస్తే బెంగాల్ ప్రభుత్వం దృష్టిలో ఎస్సీ కాడు. తెనాలిలో పుట్టి, చిన్నప్పుడే తండ్రి ఉద్యోగంతో బొంబాయి చేరిన మర్రి చంద్రశేఖరరావు అనే ఎస్టీ విద్యార్థి మెడికల్ సీటు కోసం కోర్టుకెక్కితే, 1990లో సుప్రీంకోర్టు ఇదే మాట చెప్పింది. సొంత రాష్ట్రం జాబితా ప్రకారం కేంద్ర సంస్థల్లో రిజర్వేషన్ వస్తుంది గానీ, వలస వెళ్లిన రాష్ట్రంలో రాదు. అంటే ఐఐటీలో ఎస్సీ అయిన పిల్ల, రాష్ట్ర ప్రభుత్వ కాలేజీలో జనరల్. ఐఐటీ దాకా రావాలంటే ముందు ఆ కాలేజీ దాటాలి కదా!

ఇంకా లోతుకు వెళ్తే మరో ముడి ఉంది. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చేనాటికి కుటుంబం స్థిర నివాసం ఎక్కడ అన్నది చూస్తారు. రైల్వే క్వార్టర్‌లో బతికేవాడికి స్థిర నివాసం ఏది? క్వార్టర్ ఉద్యోగంతో వస్తుంది, ఉద్యోగంతో పోతుంది. ఊళ్లో భూమి ఎప్పుడూ లేదు. మా తాత 1950ల చివర్లో వచ్చాడు కాబట్టి మేం ఈ ముడి నుంచి బయటపడ్డాం. అయినా నా సర్టిఫికెట్ కోసం నాన్న సెలవులు పెట్టి రెండు రాష్ట్రాల ఆఫీసుల మధ్య తిరిగారు. ఇక్కడివాళ్లు అక్కడికి పొమ్మన్నారు. అక్కడివాళ్లు ఇక్కడ పుట్టినదానివి కదా అన్నారు. అంతకుముందు తరంలో వచ్చిన ఇళ్ల పిల్లల పరిస్థితి ఇంకా కష్టం. కులం మాత్రం రైలెక్కి వెంట వచ్చింది. కాగితమే ఊళ్లో ఉండిపోయింది.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగును అధికార భాషల్లో చేర్చడానికి ఒప్పుకుంది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్లు పండగ చేసుకున్నారు, మేమూ సంతోషించాం. భాషకు గుర్తింపు వచ్చినప్పుడు ఆ భాష మాట్లాడే దళితులకు కూడా గుర్తింపు కావాలని తెలుగు సంఘాల పెద్దలు ఎప్పుడైనా గట్టిగా అడిగారా? ఈ ప్రశ్న మనవాళ్ల ముందే పెట్టాలి.

వేచి ఉండగలిగేది ఎవరు

మెంబ్రేన్ ప్రొటీన్ల పని నిదానమైనది. ఒక ప్రొటీన్‌ను పొర నుంచి చెడకుండా బయటికి తీయడానికే నెలలు పడుతుంది. డిటర్జెంట్ మారిస్తే ముద్దకడుతుంది, ఉప్పు మారిస్తే విడిపోతుంది. ఏడాది పని ఒక్క ఫలితం లేకుండా పోవడం ఈ రంగంలో మామూలు. పీహెచ్‌డీ ఐదారేళ్లు, ఆపైన పోస్ట్‌డాక్ మూడు నాలుగేళ్లు, ఆ తర్వాతే సొంత ల్యాబ్ మాట. ఇంటర్వ్యూల్లో దీన్ని ఓపిక అంటారు, అంకితభావం అంటారు. నిజానికి దాన్ని మోసేది ఆస్తి. అమ్మానాన్నల ఇల్లు, పెన్షన్, అప్పు అడగగలిగే మేనమామ, ఇవన్నీ ఉన్నవాడికి విఫలమైన ప్రయోగం ఒక అనుభవం. ఇంటికి డబ్బు పంపాల్సిన పిల్లకు అదే విఫలమైన ప్రయోగం ఒక సంవత్సరం జీతం.

ఇది కొత్త సంగతేమీ కాదు. బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో 1913లో కొలంబియా వెళ్లిన అంబేద్కర్, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చదువుతుండగా 1917లో గడువు ముగిసి వెనక్కి రావాల్సి వచ్చింది. సిడెన్‌హాం కాలేజీలో పాఠాలు చెప్పి కూడబెట్టుకుని, కొల్హాపూర్ షాహు మహారాజ్ సాయంతో 1920లో మళ్లీ వెళ్లారు. 1923లో డీఎస్సీ పట్టా అందుకున్నారు. అంతటి మేధావి చదువు మధ్యలో ఆగడానికి కారణం డబ్బు ఒక్కటే. తర్వాత ఆయన వైస్రాయ్ కౌన్సిల్‌లో ఉన్న రోజుల్లోనే, 1944లో, ఎస్సీ విద్యార్థులకు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది.

మెంబ్రేన్ ప్రొటీన్ల చరిత్రలోనూ ఇలాంటి కథ ఉంది. బాక్టీరియోరొడాప్సిన్ అనే మెంబ్రేన్ ప్రొటీన్ పూసల వరసను 1979లో చదివినవారిలో హరగోవింద్ ఖొరానా ఒకరు. ఆయన పంజాబ్ పల్లెలో పట్వారీ కొడుకు. 1945లో ప్రభుత్వ ఫెలోషిప్‌తో లివర్‌పూల్ వెళ్లి డాక్టరేట్ చేశారు. 1949లో దేశానికి తిరిగొస్తే తగిన ఉద్యోగం దొరకలేదు. మళ్లీ వెళ్లిపోయారు. 1968లో నోబెల్ వచ్చాక మనవాడేనని దేశం చెప్పుకుంది. చదువుకున్న కుటుంబంలో పుట్టిన ఖొరానాకే ప్రభుత్వ ఫెలోషిప్ లేకపోతే దారి లేదు. మరి మనకు?

2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు, ఎస్‌ఆర్‌ఎఫ్ 42,000 రూపాయలు. కాగితం మీద మంచి మొత్తమే. అది ఏ నెలకానెల వస్తే! నాకు ఒక దశలో ఎనిమిది నెలలు ఆగింది. కారణం అడిగితే ఒక చోట ఫైలు అన్నారు, ఇంకో చోట పోర్టల్ అన్నారు. ఆ ఎనిమిది నెలలూ నా గది అద్దె నాన్న పెన్షన్ నుంచి వచ్చింది. "ఇంకెన్నాళ్లే ఈ సదువు?" అని అమ్మమ్మ ఫోన్‌లో అడిగితే చెప్పడానికి నా దగ్గర తేదీ లేదు. విదేశీ చదువుల సంగతీ ఇంతే. 2025 జులైలో జాతీయ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు ఎంపికైన 106 మందిలో మొదట 40 మందికే తాత్కాలిక అవార్డు లేఖలు ఇచ్చారు. మిగతావారికి నిధులు ఉంటే ఇస్తామన్నారు. విదేశీ యూనివర్సిటీ సీటు నిధుల కోసం ఆగదు. ఆ సంగతి లేఖ రాసినవాళ్లకు తెలియదనుకోలేం.

పీహెచ్‌డీ అయ్యాక తలుపులు ఇంకా ఇరుకవుతాయి. ప్రాజెక్టు పోస్టుల్లో, పోస్ట్‌డాక్ నియామకాల్లో చాలాచోట్ల రోస్టర్ అన్న మాటే వినపడదు. ఎవరి శిష్యుడు, ఎవరి సిఫారసు అన్నదే నడుస్తుంది. ఫ్యాకల్టీ ఇంటర్వ్యూ దాకా వెళ్తే 'నాట్ ఫౌండ్ సూటబుల్' అనే మూడు మాటలు సిద్ధంగా ఉంటాయి. దేశంలోని అగ్రశ్రేణి సైన్స్ సంస్థల్లో దళిత, ఆదివాసీ ప్రొఫెసర్లు ఒక శాతం కూడా లేరని 2023 జనవరిలో నేచర్ పత్రిక సమాచార హక్కు కింద సేకరించిన వివరాలతో ప్రచురించింది. ప్రపంచమంతా చదివే పత్రికలో వచ్చింది. మన ల్యాబుల్లో ఎవరూ దాన్ని జర్నల్ క్లబ్‌లో చర్చకు పెట్టినట్టు నేను వినలేదు.

సాహా పేరు ఉంది, సాహా అనుభవం లేదు

బయోఫిజిక్స్‌కు బెంగాల్‌లో పెద్ద చరిత్ర ఉంది. ఆ చరిత్ర మధ్యలో మేఘనాథ్ సాహా ఉన్నారు. 1893లో ఢాకా దగ్గర పల్లెలో చిన్న కొట్టు నడిపే కుటుంబంలో పుట్టారు. బెంగాల్‌లో తక్కువగా చూసే కులం. కలకత్తాలో ఈడెన్ హిందూ హాస్టల్‌లో ఉన్నప్పుడు ఆయన్ను విడిగా కూర్చుని తినేలా చేశారు. అదే మనిషి 1920లో నక్షత్రాల వెలుగును చదివే సమీకరణం ప్రపంచానికి ఇచ్చారు. కలకత్తాలో ఆయన నిర్మించిన అణుభౌతిక సంస్థ 1950 జనవరిలో ప్రారంభమైంది. ఆ సంస్థ బయోఫిజిక్స్‌కు కూడా చోటిచ్చింది. నీరజ్‌నాథ్ దాస్‌గుప్తా 1940ల చివర్లో దేశంలోనే తొలి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపును సాహా ప్రోత్సాహంతో కలకత్తాలో నిర్మించారు. ఇవాళ మెంబ్రేన్ ప్రొటీన్ల ఆకారాలు చూపిస్తున్న క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులు ఆ కుటుంబంలోనివే.

ఆ సంస్థ ఇప్పుడు సాహా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ న్యూక్లియర్ ఫిజిక్స్. ఖరగ్‌పూర్ నుంచి రైలెక్కితే రెండు మూడు గంటల్లో కోల్‌కతా చేరొచ్చు. ఈ సంస్థ గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 13 పాయింట్ల రోస్టర్‌కు వ్యతిరేకంగా 2019 మార్చి 5న భారత్ బంద్ చేశాం. ఆ ఒత్తిడితో ఆర్డినెన్స్ వచ్చింది, తర్వాత అది కేంద్ర విద్యాసంస్థల ఉపాధ్యాయ నియామకాల్లో రిజర్వేషన్ చట్టం, 2019 అయింది. అది మన విజయం. కానీ ఆ చట్టం 4వ సెక్షన్ కొన్ని సంస్థలను మినహాయించింది. హోమీ భాభా నేషనల్ ఇన్‌స్టిట్యూట్, దాని కింది పది సంస్థలు, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్, బెంగళూరు జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్, మానేసర్ నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్ లాంటివి ఆ షెడ్యూల్‌లో ఉన్నాయి. ఆ పదింటిలో సాహా ఇన్‌స్టిట్యూట్ ఒకటి.

హాస్టల్ భోజనాల గదిలో విడిగా కూర్చోబెట్టిన మనిషి పేరు మీద నడిచే సంస్థ, బోధనా నియామకాల్లో ఈ చట్టానికి బయట ఉంది. కారణంగా చట్టం చెప్పేది ఆ సంస్థల శ్రేష్ఠత, వ్యూహాత్మక ప్రాముఖ్యం. అంటే రిజర్వేషన్, శ్రేష్ఠత కలిసి ఉండలేవని పార్లమెంటు చట్టంలోనే రాసుకుంది. మన పిల్లలు మౌలిక విజ్ఞానంలో ఎందుకు లేరని అడిగేవాళ్లు ముందు ఈ షెడ్యూల్ చదవాలి.

మనం అడగాల్సినవి

మన సంఘాలు రోస్టర్ మీద పోరాడాయి, ఫెలోషిప్‌ల మీద పోరాడుతున్నాయి. మౌలిక విజ్ఞానాన్ని కూడా ఆ జెండా కిందికి తేవాలి. నాకు తోచినవి ఇవి.

ఫెలోషిప్ జీతంలాగే నెల మొదటి వారంలో ఖాతాలో పడాలి. ఆలస్యమైతే వడ్డీతో ఇవ్వాలి. ఎంపిక జాబితా ప్రకటించేముందే నిధులు పక్కన పెట్టాలి.

ప్రభుత్వ డబ్బుతో నడిచే పోస్ట్‌డాక్, ప్రాజెక్టు నియామకాలకు రోస్టర్ పెట్టాలి. ఏ కులం నుంచి ఎంతమంది దరఖాస్తు చేశారు, ఎంతమందిని తీసుకున్నారు అన్నది ప్రతి సంస్థ ఏటా బయటపెట్టాలి. 'నాట్ ఫౌండ్ సూటబుల్' అని రాస్తే అందుకు కారణాలు కూడా రాతపూర్వకంగా ఇవ్వాలి.

2019 చట్టంలోని 4వ సెక్షన్ మినహాయింపు రద్దు కావాలి. శ్రేష్ఠత పేరుతో తలుపు మూసే అధికారం ప్రజల డబ్బుతో నడిచే ఏ సంస్థకూ ఉండకూడదు.

వలస దళితుల సర్టిఫికెట్ల కోసం రెండు రాష్ట్రాల మధ్య ఒకే గడువు, ఒకే విధానం ఉండాలి. ఖరగ్‌పూర్ లాంటి రైల్వే ఊళ్లలో తరాలుగా బతుకుతున్నవాళ్ల విషయంలో 1950 నాటి నివాసం నిబంధనను పార్లమెంటు మళ్లీ చూడాలి.

మనవైపు నుంచి చేయాల్సింది కూడా ఉంది. అంబేద్కర్ జయంతి సభల్లో లాయర్లను, ఐఏఎస్‌లను వేదికెక్కిస్తాం. మంచిదే. వాళ్ల పక్కన ఈసారి ఒక ఫిజిక్స్ టీచర్‌ను, ఒక ల్యాబ్ టెక్నీషియన్‌ను, పీహెచ్‌డీ మధ్యలో ఉన్న ఒక విద్యార్థిని కూడా కూర్చోబెడదాం. రొడాప్సిన్ గురించి, ఓఆర్‌ఎస్ గురించి తెలుగులో చెప్పిద్దాం. ట్రాఫిక్, నింపురా, మథురాకాటి బస్తీల్లో ఇప్పుడు తొమ్మిదో తరగతి చదువుతున్న పిల్లలకు ఇదీ మన దారేనని ముందు మన నోటి నుంచే తెలియాలి.

ఇక ల్యాబ్ వైపు నుంచి వచ్చే ప్రశ్నకు నా జవాబు. మీ సమాజానికి పనికొచ్చేది చేయొచ్చు కదా అంటారు. చేస్తున్నాను. కణం ఎలా పనిచేస్తుందో తెలుసుకునే హక్కు మా సమాజానికి కూడా ఉందని నా పని ద్వారా చెబుతున్నాను. అందులో నుంచి రేపు మందు వస్తుందా, పాఠం వస్తుందా, ఇంకో ప్రశ్న వస్తుందా అన్నది ఏ పరిశోధకుడూ ముందుగా చెప్పలేడు. ఆ వెసులుబాటు మీకు ఉన్నంతే మాకూ ఉండాలి.

జై భీమ్.